పరీక్ష బల్ల మీద పడవ

కుందలహళ్ళిలో ఒక క్లినిక్. పరీక్ష గదిలో బల్ల మీద వరూధిని, పక్కన నర్సు జరీనా. వరూధిని భర్త మంజునాథ్ తలుపు బయట కుర్చీలో కూర్చున్నాడు. కూర్చున్నాడన్న మాటే గానీ, పావుగంటలో రెండుసార్లు తలుపు తట్టాడు.

“ఆ మాస్కు మాత్రం వద్దమ్మా. కండ్లు మూస్తే నాకు ఊపిరాడదు.”

“మాస్కు కాదక్కా, వీఆర్ అంటారు. పెద్ద కళ్ళజోడు అనుకోండి. పెట్టుకుంటే లోపల సినిమా మాదిరి కనిపిస్తాది. మీరు అది చూస్తా ఉంటే ఇక్కడ డాక్టరమ్మ పని కానిచ్చేస్తారు.”

“నన్ను ఏమార్చి చేస్తారన్న మాట.”

“ఏమార్చడం కాదు, భయం తగ్గేదానికి. పొద్దున్నించి పదకొండు మందికి పెట్టినా. ఒకామె అయిపోయినాక కూడా తియ్యనియ్యలా.”

“నీది ఏ ఊరు?”

“ప్రొద్దుటూరు. మాట మార్చాకండి. సముద్రమా, అడవా, చెరువులో పడవా? ఏది పెట్టమంటారు?”

“తలుపులు తెరిచిపెట్టిన ఇల్లు ఉంటే పెట్టు.”

“అది లేదక్కా.”

“అయితే చెరువే పెట్టు. ఆగు, పెట్టేముందు ఒక మాట. ఇది క్యాన్సర్ పరీక్షే కదా?”

“అవును. గర్భసంచి మూతి దగ్గర చిన్న బ్రష్‌తో తుడిచి ల్యాబ్‌కి పంపిస్తాం. అంతే.”

“నేను వచ్చింది దానికి కాదు.”

“మరి?”

“మా తమ్ముడి పెండ్లాం బ్రూక్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేస్తాది. ఇంట్లో ఆడవాళ్ళకంతా వాళ్ళ ఆఫీసే ఈ పరీక్ష చేయిస్తా ఉండాదని నా పేరు రాయించింది. సరేనన్నా. ఎట్లయినా లోపల చూస్తారు కదా. నాకు కడుపెందుకు రావడం లేదో డాక్టరమ్మను ఒక్క మాట అడగాల.”

“ఎన్నాళ్ళయింది?”

“తొమ్మిదేండ్లు. మొదటి కాన్పులో బిడ్డ దక్కలా. నాకు రక్తం ఆగలేదంట, మత్తిచ్చేసినారు. కండ్లు తెరిచేసరికి మూడో రోజు. అప్పట్నించీ కండ్లకు ఏది అడ్డం పెట్టినా ఆ గదిలోనే ఉన్నట్టుంటాది.”

“తొమ్మిదేండ్లలో ఏ డాక్టరుకూ చూపించుకోలేదా?”

“నాటుమందు తిన్నా. మొక్కులు మొక్కినా. మా ఆయన నాతోపాటు పొర్లుదండాలు పెట్టినాడు. ఆస్పత్రికి మాత్రం వద్దంటాడు. స్కాన్ తీస్తే గర్భం ఎండిపోతాదని ఎవరో చెప్పినారంట.”

“అది అబద్ధమక్కా.”

“నాకూ అనిపిస్తాది. కానీ అంత మంచి మనిషిని ఎట్ల ఎదిరించేది? మా అత్త ఊరంతా వినేట్టు నన్ను గొడ్రాలంటాది. ఆ పొద్దు ఆయన అన్నం ముట్టడు. పక్క గదిలో కూర్చుని ఏడుస్తాడు. నేనే పోయి ఓదార్చాల. ఈ పొద్దు కూడా చూడు, ఉత్త క్యాన్సర్ పరీక్షే, పైపైనే అంటే ఒప్పుకుని, నగర్తపేటలో జరీ అంగడి మూసేసి మరీ నావెంట వచ్చినాడు.”

“వరూ, అయిపోయిందా?”

“ఇంకా మొదలే కాలేదు సార్. మీరు కూర్చోండి.”

“లోపల ఏం చూడాల్సిన పని లేదు కదమ్మా? పైపైనే కదా?”

“సార్, డాక్టరమ్మ వస్తా ఉండారు. దారి ఇవ్వండి.”

“నమస్తే వరూధినిగారూ. నేను డాక్టర్ కుసుమ. రెడీనా?”

“రెడీ కాదు గానీ, కానీండి.”

“జరీనా, కళ్ళజోడు పెట్టెయ్. వరూధినిగారూ, మీకు ఏం కనిపిస్తోందో చెప్తూ ఉండండి. ఆపమంటే అక్కడికక్కడే ఆపేస్తాను.”

“చెప్పండక్కా, ఏం కనిపిస్తా ఉంది?”

“నీళ్ళు. ఈ పక్క నీళ్ళు, ఆ పక్క నీళ్ళు. దిగేదానికి దారి ఏదమ్మా?”

“దిగే పని లేదు. పడవలో ఉండారు.”

“ఉండేది నేనొక్కదాన్నే. తెడ్డు లేదు. నడిపేవాడూ లేడు. ఎటు పోతా ఉందో తెలీదు.”

“మెల్లగా తల తిప్పండి. కొంగలు కనిపిస్తాయి.”

“ఉండాయి. తెల్లగా... అబ్బా, చల్లగా ఏదో తగిలింది.”

“నేనేనండీ. ఊపిరి తీసుకుని మెల్లగా వదలండి. కొంగలు ఏం చేస్తున్నాయి?”

“ఊరికే నిలబడి ఉండాయి. వాటికేం, రెక్కలుండాయి. బేజారైతే ఎగిరిపోతాయి.”

“బాగా చేస్తున్నారు. శాంపిల్ తీసేశాను. జరీనా, లైటు ఇటు తిప్పు. ఇంకొంచెం. ఇది చూడు.”

“మేడమ్...”

“కేసు షీటులో ఏం రాశావు?”

“ఏమీ వాడటం లేదన్నారు మేడమ్. తొమ్మిదేండ్ల కింద కాన్పులో రక్తం ఆగక మత్తిచ్చినారంట, బిడ్డ దక్కలా. అప్పట్నించీ పిల్లల కోసం చూస్తా ఉండారు.”

“ఏందమ్మా, గుసగుసలు? క్యాన్సరా?”

“కాదు కాదు. అలాంటిదేమీ కనిపించడం లేదు. వరూధినిగారూ, కాపర్-టి ఎప్పుడు వేయించుకున్నారు?”

“అదేంటిది?”

“పిల్లలు పుట్టకుండా గర్భసంచిలో పెట్టేది. దాని దారం కనిపిస్తోంది.”

“నాకెందుకు ఉంటాది అది? నేను పిల్లలు కావాలని కదా... మీరు ఇంకెవరి కాగితమో చూస్తా ఉండారు డాక్టరమ్మా.”

“కాగితం కాదండీ. మిమ్మల్నే చూస్తున్నాను.”

“జోడు తీసేయమంటారా అక్కా?”

“వద్దు. ఉండనీ. ఇప్పుడు మీ మొకాలు చూడలేను, ఇందులోనే ఉంటా. చెప్పండి, నాకు తెలీకుండా అది నా కడుపులోకి ఎట్ల వచ్చింది?”

“ఆ కాన్పు తప్ప వేరే ఆపరేషన్ ఏదైనా జరిగిందా?”

“లేదు. ఆమీద ఏ డాక్టరూ నన్ను ముట్టుకోలా.”

“అయితే అప్పుడే పెట్టుంటారు. అంత రక్తం పోయింది కదా, మళ్ళీ వెంటనే గర్భం వస్తే ప్రాణానికి ముప్పని అనుకుని ఉంటారు. మీకు స్పృహ లేదు కాబట్టి మీవాళ్ళ చేత సంతకం పెట్టించుకుని ఉంటారు. మిమ్మల్ని అడగకుండా చేయడం తప్పే.”

“మా అమ్మ లేదు. మా అత్త ఊర్లో లేదు. ఆ పొద్దు నా పక్కన ఆయనొక్కడే.”

“అక్కా, నీళ్ళు తాగుతారా?”

“చుట్టూ నీళ్ళే కదమ్మా. ఏం చేసుకునేది?”

“చెయ్యి ఇట్లివ్వండి. పట్టుకుంటా.”

“నాటుమందు చేదుగా ఉందంటే నాతోపాటు తానూ ఒక గిన్నె తాగినాడు తెలుసా. మోకాళ్ళు దోక్కుపోయేట్టు పొర్లినాడు. నేను దేవుణ్ణి తిట్టుకుంటా ఉంటే, దేవుణ్ణి ఏమీ అనద్దు వరూ అనేవాడు.”

“మీ ప్రాణం కోసమే చేసుంటారక్కా.”

“చేసుంటాడు. చెప్పింటే నేను మొండికేసి తీయించుకునేదాన్ని, అది కూడా నిజమే. మొదట్లో భయపడి చెప్పలా. ఆమీద చెప్పేదానికి మొకం చెల్లలా. ఆయన సంగతి నాకు తెలీదా? కానీ వాళ్ళమ్మ నన్ను గొడ్రాలన్నప్పుడన్నా నోరు తెరవాల కదా జరీనా. నన్ను తిట్టించుకోనిచ్చి, తాను పక్క గదిలో ఏడిస్తే ఏం లాభం?”

“మీకూ ఏడవాలనుంటే ఏడవండి వరూధినిగారూ. తొందరేం లేదు.”

“ఏడుపు రావడం లేదు. ఒళ్ళు మండతా ఉండాది. డాక్టరమ్మా, ఇప్పుడు నాకు కడుపు వస్తే చచ్చిపోతానా?”

“అలా చెప్పలేను. అప్పటి కాగితాలు చూడాలి, కొన్ని పరీక్షలు చేయాలి. ముందే తెలిసి జాగ్రత్తగా చూసుకుంటే చాలామంది బాగానే ఉంటారు. ప్రమాదం లేదని మాత్రం అనను.”

“నాకు ముప్పై ఆరు. అది తీసేదానికి ఎంతసేపు?”

“ఒక్క నిమిషం. కానీ ఇవాళే తీయాలని లేదు. ఇంటికెళ్ళి, ఆయనతో మాట్లాడి...”

“ఆయన సంతకం కావాల్నా?”

“అక్కర్లేదు. మీరు చెప్తే చాలు.”

“పెట్టేటప్పుడు ఎవరూ నన్ను అడగలా.”

“ఇప్పుడు నేను అడుగుతున్నాను.”

“అయితే తీసేయండి. జరీనా, ఈ జోడు కూడా తీసెయ్. కండ్లు తెరుచుకుని ఉంటా.”

“వెలుతురు గుచ్చుకుంటాది, మెల్లగా. ఆ... నన్ను చూడండక్కా.”

“ఒకసారి గట్టిగా దగ్గండి. ఇంకోసారి. అయిపోయింది. ఇదిగో, చూస్తారా?”

“ఇంతేనా? వేలెడు కూడా లేదే. దీనికోసమా నేను అన్ని గుళ్ళు తిరిగింది?”

“వచ్చే సోమవారం పాత కాగితాలు పట్టుకుని రండి. పరీక్షలన్నీ అయి నేను సరేననేదాకా గర్భం రాకుండా జాగ్రత్తగా ఉండాలి. ఈ మాట మాత్రం తప్పకూడదు.”

“తప్పను. కాగితాలు బీరువాలో ఉండాయి. ఆయన వాటిని నన్ను ముట్టుకోనివ్వడు. తాళం ఎక్కడ పెడతాడో నాకు తెలుసు.”

“వరూ, ఏమైంది? ఇంతసేపా?”

“అక్కా, డాక్టరమ్మ చేత చెప్పిద్దామా ఆయనకు?”

“వద్దు. నేనే చెప్తా. చీర సర్దుకున్నా, తలుపు తియ్.”

“ఏమన్నారు వరూ? లోపల... ఏమన్నా ఉండాదన్నారా?”

“ఏమీ లేదండీ. అంతా శుభ్రంగా ఉండాదన్నారు.”

“నిజంగానా? ఇంకేం అడగలేదా నిన్ను?”

“ఏం అడుగుతారు? సుమ్నే, ఊరికే భయపడినా.”

“హమ్మయ్య. నేను ముందే చెప్పినా కదా. మంగళవారం షష్ఠి. ఘాటి గుడికి పోయి బిడ్డల కోసం నాగప్రతిష్ఠ చేయిద్దాం. ఈసారన్నా దేవుడు కరుణిస్తాడు.”

“పోదాం పాండి. ఈసారి నాకూ నమ్మకంగా ఉండాది.”