కొండెక్కని దీపం

భవానీపురంలో ఒక ఇంటి పెరట్లో, ఏళ్ళ తరబడి మూతేసి ఉంచిన బావి గట్టు మీద కూర్చుని, పూడిక తీసే మేస్త్రీ శౌరయ్య ఇబ్రహీంపట్నం బడిలో సైన్సు చెప్పే కూతురు డయానాకు ఫోన్ చేశాడు.

"అది కాదమ్మా. మొన్న అన్నాలప్పుడు చెప్పావే, దీపం సంగతి. అది మళ్ళీ చెప్పు."

"క్లాసులో ఉన్నా నాన్నా. ఆ రోజు చెప్తుంటే నవ్వావుగా?"

"నవ్వాను. చెప్పు."

"బావిలోకి ముందు దీపం దించేవాళ్ళు. కొండెక్కిందంటే గంగమ్మకి ఇష్టం లేదని ఆ పూట దిగేవాళ్ళు కాదు. లోపల గాలి చెడిందని వాళ్ళకి తెలీదు. తెలియక్కర్లేదు కూడా. దించినవాళ్ళు బతికారు, వాళ్ళని చూసి పిల్లలు నేర్చుకున్నారు. దించనివాళ్ళని చూసి నేర్చుకోడానికి వాళ్ళే మిగల్లేదు. జీవుల్లాగే నాన్నా, ఆచారాలూ పనికొచ్చేవే మిగుల్తాయి."

"పనికిరానివి పోతాయా?"

"పోతాయి. పోతూ పోతూ మనుషుల్ని తీసుకుపోతాయి."

"మీ నాయనమ్మ మతం పుచ్చుకున్నాక గంగమ్మ బదులు మరియమ్మ అంది గానీ, దీపం మానలేదు. మేమూ మానలేదే."

"మరింకేం?"

"నూనె దీపం ఊరికే కొండెక్కుతోంది, పూట పని పోతోంది. అందుకని మీ అన్న వన్ టౌన్‌లో బ్యాటరీది కొన్నాడు. అచ్చం ప్రమిదే. మమ్మల్ని చూసి మేస్త్రీలందరూ కొన్నారు."

"నాన్నా, అన్నయ్య ఎక్కడ?"

"దణ్ణం పెట్టుకునే దించాం. బాగానే వెలిగింది."

"జాన్సన్ అన్నయ్య ఎక్కడ నాన్నా?"

"లోపల. పిలిస్తే పలకట్లేదు. తాడు ఊపినా అందుకోవట్లేదు."

"ఇంటివాళ్ళని కేకెయ్యి."

"ఊళ్ళో లేరు. తాళం మాకిచ్చి పోయారు."

"నువ్వు దిగకు. విన్నావా? దిగకు. నేను ఫైరింజనుకి ఫోన్ చేస్తా. ముందు ఆయనకివ్వు."

"ఎవరికి?"

"ఎవరికేంటి, మా ఆయనకి. డేనియల్‌కి. పొద్దున నీతోనేగా వచ్చింది."

"ఇవ్వలేనమ్మా."

"పక్కన లేడా? పిలువు నాన్నా."

"పిలుస్తూనే ఉన్నా. బావగారిని తీసుకొస్తా, దిగనా మావయ్యా అన్నాడు. దీపం వెలుగుతూనే ఉంది కదా, దిగమని నేనే అన్నానమ్మా."