ఎడంచేతి ముడి

కోడలు మిరపకాయల తొడిమలు తీస్తోంది. పక్కన అత్త, టైలరు కొట్టుకు పంపాల్సిన జాకెట్టు తాళ్ల కొసలకు వేసిన పూల ముడులు చూసుకుంటోంది.

"ఏమే, ఇవి నేనేసిన ముడులు కాదే."

"మీరే గదత్తా ఏసింది."

"నాది ఎడంచేతి వాటం. నా ముడి ఎడమకు తిరుగుద్ది. ఇవన్నీ కుడికి తిరిగినయి."

"మీరు నమాజులో ఉన్నప్పుడు విప్పి మళ్లీ ఏశా. జారతన్నయని కొట్టాయన పని మానిపిస్తానన్నాడు."

"నాతో అనలా. మొన్న బాగున్నయని మెచ్చుకున్నాడే."

"అప్పుడు పంపినయి కూడా నేను మళ్లీ ఏసినయే అత్తా."

"ఇదొకటి నాదే. దీన్నెందుకు వదిలావు?"

"అది గట్టిగానే ఉంది."

అత్త ఆ ముడిని పట్టి లాగింది. అది జారి విడిపోయింది. తాడును కోడలి ఒళ్లో పెట్టి బయటికి వెళ్లిపోయింది.