కొత్త సబ్బు

తుంటి ఆపరేషనై ఇంటికొచ్చిన తల్లి మంచం మీద, కూతురు మూడు హోమ్ నర్సింగ్ ఏజెన్సీల కాగితాలు పరిచింది.

"వచ్చి వెళ్లిన ముగ్గురు నర్సుల్లో మొదటామెనే పెట్టుకుందామమ్మా. ఎంత బాగా మాట్లాడింది!"

"మాటలు నా కట్టు మారుస్తాయటే? వాళ్లు రాకముందు బాత్రూంలో కొత్త సబ్బు పెట్టించాను, గుర్తుందా?"

"ఉంది. అయితే?"

"మొదటామె, రెండో ఆమె వచ్చీ రాగానే నా కట్టు విప్పి చూశారు. వాళ్లు వెళ్లాక నువ్వే చూసొచ్చి, సబ్బు పొడిగానే ఉందన్నావు."

"అందుకా అడిగావు! అమ్మో, గట్టిదానివే."

"మూడో ఆమె రాగానే సబ్బు తడిసింది."

"అప్పుడు నేను వంటింట్లో ఉన్నాను, నన్ను చూసి రమ్మనలేదే! వారం నుంచి మంచం దిగని దానివి, నీకెలా తెలిసింది?"

"ఆమె భుజం పట్టుకుని, ఎనిమిది అడుగులేసి, నేనే వెళ్లి చూసొచ్చానే పిచ్చిదానా!"