చప్పట్ల కింద పోయిన మాట

లోపలికి రండి. గుమ్మం దగ్గర ఆగిపోయినవాళ్లు కూడా రండి. ముందు వరస కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మన ఊళ్లో ముందు వరసలో కూర్చోవడమంటే అందరికీ భయమే. ఇవాళ్టికి ఆ భయం బయట పెట్టి, నోనీ కోసం వచ్చి కూర్చోండి.

మిత్రులారా, గులారా ఊరివాళ్లారా, ఇంత దుమ్ములో గొర్రెల ఎస్టేట్ల నుంచి బండ్లు వేసుకుని వచ్చినవాళ్లారా! పొద్దున మనం హోనోరా క్విల్టీని, మనందరి నోనీని, వాళ్ల నాన్న పక్కన మట్టిలో పడుకోబెట్టి వచ్చాం. నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. ఈ హాలుకు తాళం వేసేది నేనే, శనివారం డాన్సులకు అకార్డియన్ వాయించేది నేనే, కాబట్టి మాట్లాడటం కూడా క్లెమ్ డారిటీకే వస్తుందనుకున్నారు కాబోలు. రాదు. నోనీ ఉంటే "ఒరే క్లెమ్, సోది ఆపి విషయం చెప్పు" అనేది. ఆ గొంతు ఇక వినపడదు. ఆ సంగతి మీద నాకింకా నమ్మకం కుదరలేదు.

ఆవిడ చేతి టీ తాగి నోరు కాల్చుకోనివాళ్లు ఈ హాల్లో ఉన్నారా? ఆవిడ చేత తిట్లు తిననివాళ్లు ఉన్నారా? ఉంటే చెయ్యెత్తండి. చూశారా, ఒక్కరూ లేరు. కరువు ఏడాది మా గొర్రెలు కంచెల వెంట పడి చచ్చిపోతుంటే, రోజూ సాయంత్రం మా ఇంటికొచ్చి మా అమ్మ దగ్గర ఊరికే కూర్చునేది. ఓదార్చేది కాదు. బంగాళాదుంపలు చెక్కు తీసి పెట్టి వెళ్లిపోయేది. అలాంటి మనిషి.

కానీ నోనీ అనగానే మీకు గుర్తొచ్చేది ఆ పాట. నాకూ అంతే. అందుకే ఆ పాట గురించే మాట్లాడతాను. ఇవాళ ఇది మాట్లాడొచ్చా అని రెండు రోజులుగా మథనపడుతున్నాను. మా ఇంటిది "చావింట్లో గొడవ పెట్టకు" అంది. గొడవ పెట్టడానికి రాలేదు. కానీ ఇవాళ చెప్పకపోతే ఎప్పుడు చెబుతాను?

నది దాటొచ్చిన రొట్టె పాట. మీ పిల్లలు బడిలో పాడతారు. రేడియోలో బాంజో వేసి, తాళం వేసి, ఉరుకులు పరుగులుగా పాడతారు. ఆ రాగం నోనీ వాళ్ల నాయనమ్మది. ఐర్లండు నుంచి ఓడ దిగినప్పుడు ఆవిడ మూటలో పెద్దగా ఏమీ లేదట. ఈ రాగం మాత్రం ఉంది. ఊరు విడిచిపోయిన కొడుకుల కోసం తల్లులు ఏడుస్తూ పాడుకునే రాగం. దానికి ఇక్కడి నది, ఇక్కడి వరద, ఇక్కడి ఉన్ని షెడ్డు పెట్టి మాటలు కట్టినవాడు నోనీ వాళ్ల నాన్న కాన్ క్విల్టీ. మన పాటలన్నీ ఇలా పుట్టినవే కదా! రాగం ఎవరి ఇంటి నుంచో వస్తుంది. ఏడుపు మాత్రం ఇక్కడిది.

కాన్ పాడే పద్ధతి మీలో పెద్దవాళ్లకు గుర్తుంటుంది. మన పాతకాలం పాటగాళ్లందరిదీ అదే పద్ధతి. పాటంతా పాడి, ఆఖరి మాట దగ్గర రాగం ఆపేసేవారు. ఆ ఆఖరి మాట పాడేవారు కాదు. మామూలుగా, ఉప్పు అందించమన్నట్టు, చెప్పేవారు. అలా చెబితే పాట అయిపోయినట్టు. అప్పుడే కళ్లు తెరిచేవారు. అప్పుడే విన్నవాళ్లు గ్లాసు అందుకునేవారు. ఒక్కసారే చెప్పేవారు, మళ్లీ అడిగినా చెప్పేవారు కాదు. నోనీ కూడా అలాగే పాడేది. నిలబడి, కళ్లు మూసుకుని, ఒక చేత్తో కుర్చీ వీపు పట్టుకుని.

మిస్టర్ పెండ్రీ గుర్తున్నారా? సిడ్నీ నుంచి టేపు రికార్డరు వేసుకుని ఊరూరా తిరిగి మన పాటలు పట్టుకెళ్లిన మేష్టారు. మంచి మనిషి, ఆ మాట ముందే చెబుతున్నాను. నోనీ వంటింటి బల్ల మీద ఆయన ఆ యంత్రం పెట్టబోతే "అక్కడ నేను పిండి కలుపుతాను, దాన్ని తీసుకెళ్లి స్టూలు మీద పెట్టండి" అంది. ఆయన బుద్ధిగా స్టూలు మీద పెట్టారు. ఆ రోజు నేనూ ఉన్నాను, పొయ్యి పక్కన. నోనీ పాడింది. అంత బాగా ఎప్పుడూ పాడలేదు. రాగం ఆగింది. మేష్టారు కళ్లు తుడుచుకుంటూ చెయ్యి చాచి మీట నొక్కేశారు. పాట అయిపోయిందనుకున్నారు, పాపం. టేపు ఆగిపోయింది. అప్పుడు నోనీ కళ్లు మూసుకునే ఆఖరి మాట చెప్పింది. మేష్టారు అది పాటలోది కాదనుకుని రాసుకోలేదు, పాట కట్టిందెవరో అడగనూ లేదు. యంత్రం వింటోందనే అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. ఆ చక్రాలు తిరుగుతున్నాయో లేదో మాకేం తెలుసు!

తర్వాత మేష్టారి పుస్తకం వచ్చింది. అందులో పాట ఉంది. కింద చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంది: కట్టినవారెవరో తెలియదు, పాటలోని మనిషి కల్పితం కావచ్చు. నోనీ అది చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "కల్పితమట క్లెమ్. మా నాన్న కల్పించాడట" అంది. మేష్టారికి ఫోను చేశాం. ఆయన నిజంగానే బాధపడ్డారు. మళ్లీ అచ్చు వేసినప్పుడు సరిచేస్తామన్నారు. మళ్లీ అచ్చు వెయ్యలేదు. ఈలోపు పాట రేడియోకెక్కింది, బడికెక్కింది. ఇక దాన్ని ఎవరు పట్టుకోగలరు?

ఆ ఆఖరి మాట ఏమిటో మీకు చెప్పే ముందు, పాట వెనక ఏం జరిగిందో చెప్పాలి. సగం మందికి తెలుసు. తెలిసి మాట్లాడని సగం అదే.

మన తాతల కాలంలో ఆ ఉన్ని షెడ్డులో ఒక వంటవాడు ఉండేవాడు. చైనా మనిషి. ఉన్ని కత్తిరించేవాళ్లు ఆయన్ని జిమ్మీ అనేవారు. వంటింట్లో చైనా వాడు ఎవడున్నా జిమ్మీయే, పేరడిగినవాడు లేడు. ఆయన రొట్టె మెత్తగా ఉండేదని, కూరలో మాంసం కొలవకుండా వేసేవాడని వాళ్లే చెప్పుకునేవారు. అయినా తెల్ల కూలీల యూనియన్ వాళ్లం, చైనా వాడి చేతి కూడు తినం అని ఒక రోజు షెడ్డంతా చేతులెత్తి తీర్మానం చేసింది. మేనేజరు ఎందుకొచ్చిన గొడవని ఆయన్ని నది అవతల కూరగాయల తోటకు పంపేశాడు. చెయ్యెత్తినవాళ్లలో కాన్ క్విల్టీ ఉన్నాడు. మా తాతా ఉన్నాడు. అక్కడ కూర్చున్న రస్, మీ తాతా ఉన్నాడు. ఆ రోజు మూట కట్టుకుని వెళ్తూ ఆ మనిషి గుమ్మంలో ఆగి, "నా పేరు జిమ్మీ కాదు" అని తన అసలు పేరు చెప్పాడట. ఒక్కసారే. అందరూ నవ్వారట. కాన్‌కి మాత్రం ఆ పేరు గుర్తుండిపోయింది.

ఆ ఏడే పెద్ద వరద. షెడ్డు చుట్టూ నీళ్లు. పిండి బస్తాలు నాని ముద్దయిపోయాయి. కత్తెరలు పట్టిన మగాళ్లంతా మిట్ట మీద తడిసిన గొర్రెలతో పాటు ఆకలితో కూర్చున్నారు. నది మీద సామాన్లు లాగే ఇనుప తాడు ఒకటి ఉండేది, దాని మీద కప్పీకి వేలాడే రేకు పెట్టె. అవతలి ఒడ్డున ఆ మనిషి తనకున్న పిండంతా రొట్టెలు కాల్చి, ఆ పెట్టెలో పెట్టి, తాడు మీద వదిలాడు. నది మధ్యలో కొట్టుకొచ్చిన చెట్టొకటి తాడుకు తగులుకుని పెట్టె ఆగిపోయింది. ఇవతలివాళ్లు ఎంత లాగినా కదల్లేదు. వానలో మసక మసగ్గా, ఆయన తాడు పట్టుకుని నీళ్లలోకి దిగడం కాన్ చూశాడు. చెట్టు కదిలింది. పెట్టె వచ్చింది. ఆకలి మీద ఉన్నారు, తిన్నారు. తిన్నాక అవతలికి కేక వేశారు. జవాబు రాలేదు.

మనిషి దొరకలేదు. సమాధి లేదు, రాయి లేదు. ఈ భూమ్మీద ఆయన పేరున్న చోటు ఒక్కటే, ఆ పాటలో ఆఖరి మాట.

మరి పేరు పాట మొదట్లో పెట్టొచ్చు కదా? నేను అడిగాను. నోనీ చెప్పింది: "మొదటే చెబితే ఒక్కడూ వినేవాడు కాదురా. ముందు ఏడవనిచ్చి, తర్వాత చెప్పాలని మా నాన్న అలా కట్టాడు. కార్చిన కన్నీళ్లు వెనక్కి తీసుకోలేరు కదా!" నిజమే. నదిలోకి దిగిన ఆ మనిషి మనవాడే అనుకుని షెడ్డులో మగాళ్లు వెక్కి వెక్కి ఏడ్చేవారట. ఆఖర్న పేరు చెప్పగానే ఎవరి బూట్లు వాళ్లు చూసుకునేవారట.

కానీ నోనీ వాళ్ల నాన్నను పూర్తిగా క్షమించిందా? నాకు తెలియదు. ఒక మధ్యాహ్నం బట్టలు ఆరేస్తూ, ఏ సందర్భమూ లేకుండా అంది: "పాట కట్టి చేతులు కడుక్కున్నాడేమోరా మా నాన్న! ఆ రోజు చెయ్యెత్తకుండా ఉంటే సరిపోయేది. పాటతో పనే ఉండేది కాదు." క్లిప్పులు అందించాను. ఇవాళ్టికీ ఆ మాట నన్ను వదల్లేదు.

తర్వాత నగరంలో జానపద ఉత్సవానికి పిలిచారు. నేనే తీసుకెళ్లాను. పెద్ద డేరా, వేల మంది. నోనీ నీలం గౌను వేసుకుంది. మైకు ముందు కూడా కుర్చీ కావాలంది, పట్టుకోడానికి. పాడింది. రాగం ఆగిందో లేదో, చప్పట్లు! డేరా ఎగిరిపోతుందేమో అన్నట్టు చప్పట్లు! అవి ఆగాక చెబుదామని నోనీ నిలబడింది. ఆవిడ నిలబడేకొద్దీ వాళ్లు ఇంకా కొట్టారు, పొంగిపోయి నిలబడిందనుకున్నారు. ఎవరో పువ్వులు తెచ్చిచ్చారు. ఎవరో భుజం పట్టుకుని దింపేశారు. పువ్వులు పట్టుకుని నా దగ్గరకొచ్చి, "చప్పట్లతో నా నోరు మూసేశారు క్లెమ్" అంది. వాళ్లు చెడ్డవాళ్లా? కాదు. పాట నచ్చింది, కొట్టారు. అదే కదా నా బాధ!

ఇక మన ఊరి సంగతి. నది ఒడ్డున ఆ పాటకు రాయి పెడుతున్నాం. మంచి పనే. ఏం చెక్కుతున్నాం? "పేరు తెలియని ఒక ఉన్ని కార్మికుడి జ్ఞాపకార్థం." కిందటి నెల ఇదే హాల్లో మీటింగు. పేరు తెలిసిన మనిషి రెండో వరసలో కూర్చుని ఉంది, మనం పేరు తెలియదని తీర్మానం రాస్తున్నాం! నోనీ లేచి పేరు పెట్టమంది. ఏమన్నాం మనం? రాయి మీద చోటు చాలదన్నాం. బస్సుల్లో వచ్చేవాళ్లకు అర్థం కాదన్నాం. ఆ పేరు పాటలో ఇమడదని ఒకాయన అన్నాడు. "అది పాడేది కాదయ్యా, చెప్పేది" అంది నోనీ. పలకడం కష్టం అని వెనక నుంచి ఎవరో అన్నారు. అప్పుడు ఆవిడ అన్న మాట మీ అందరికీ గుర్తుంది. గుర్తు లేనట్టు నటించకండి. "మీ తాతలు ఆ రొట్టె తినగలిగారు. మీరు ఆ పేరు పలకలేరా?"

మీటింగు వాయిదా వేశాం. ఆవిడ కోటు తొడుక్కుని వెళ్లిపోయింది. మళ్లీ ఈ హాల్లోకి రాలేదు.

రస్, తల దించుకోకు. రాయి కమిటీ అధ్యక్షుడివి కాబట్టి నీ వైపు చూస్తున్నాను, అంతే. వచ్చే శుక్రవారం అక్షరాలు ఖాయం చేస్తారు. నాకు ఒకటే భయం. నోనీ పోయింది, ఇక అడిగేవాళ్లు లేరు, హాయిగా పని కానిచ్చేద్దాం అనుకుంటామేమోనని. ఆవిడకు మనం అంతకంటే పెద్ద అన్యాయం చెయ్యలేం. పూలదండలు పెట్టాం, కన్నీళ్లు పెట్టుకున్నాం. ఆవిడ మనల్ని అడిగింది ఇవేనా?

ఆసుపత్రిలో ఆఖరిసారి చూసినప్పుడు నోనీ నన్ను పాట పాడమనలేదు. నా గొంతు సంగతి ఆవిడకు తెలుసు. "పాట ఎలాగూ అందరూ పాడతారు. ఆఖరి మాట నువ్వు చెప్పు. గబగబా చెప్పకు" అంది. సరేనన్నాను.

ఇక లేచి నిలబడదాం. కర్రలున్నవాళ్లు, మోకాళ్ల నొప్పులవాళ్లు, పక్కవాళ్ల చెయ్యి పట్టుకుని లేవండి. టోపీలు తీసెయ్యండి. నేను పాడను. ఆ రాగం మీ అందరి మనసులో ఉంది, అక్కడే ఒక్కసారి చివరిదాకా నడవనివ్వండి. బాంజో లేకుండా, మెల్లగా, నోనీ పాడినట్టు. రాగం ఆగిన చోట నేను ఆఖరి మాట చెబుతాను. దయచేసి చప్పట్లు కొట్టకండి. ఆ మాట తర్వాత కాసేపు అలాగే నిలబడి ఉందాం. నోనీ కోసం, ఆయన కోసం. శుక్రవారం ఏం చెయ్యాలో ఆ నిశ్శబ్దంలో మీకే తోస్తుంది.

కళ్లు మూసుకోండి.

ఆయన పేరు లౌ క్వోంగ్ యీ. రొట్టె తడవలేదు.