ఒబర్‌లోహ్ మాను పోయింది

బవేరియాలోని ఒబర్‌లోహ్ గ్రామం. ఏప్రిల్ చివర్లో ఒక ఉదయం. మే పండగకి నిలబెట్టాల్సిన రంగుల మానుని రాత్రి పక్కూరు ఉంటర్‌లోహ్ వాళ్ళు ఎత్తుకుపోయారు. మాట్లాడుతున్నది పండగ సంఘం అధ్యక్షుడు కోర్బినియన్, కాపలా కాసిన అతని మేనల్లుడు సెవెరిన్.

“నిద్రపోయావా, తాగి పడ్డావా? ఏదో ఒకటి ఒప్పుకో సెవెరిన్!”

“మెలకువగానే ఉన్నాను మావయ్యా.”

“మెలకువగా ఉండి, ఉంటర్‌లోహ్ వెధవలు అంత మానుని మోసుకుపోతుంటే చూస్తూ కూర్చున్నావా?”

“కూర్చోలేదు. నిలబడే చూశాను.”

“వెటకారమా? ఇప్పుడు దాన్ని విడిపించుకోవాలంటే వాళ్ళ ఊరందరికీ బీరు పొయ్యాలి, పందిమాంసం కాల్చిపెట్టాలి. ఎవరికి? ఆ వాగవతల జాతికి!”

“అత్తయ్య కూడా అక్కడి ఆవిడేగా.”

“అందుకే చెబుతున్నా, నాకు తెలుసు! వాళ్ళ నడకే వేరు, వాళ్ళ దగ్గే వేరు. చిమ్మచీకట్లో అయినా ఉంటర్‌లోహ్ వాణ్ణి ఇట్టే పట్టేస్తాను.”

“ఊఁ.”

“ఏమిటా ఊఁ?”

“ఏం లేదు. పొగమంచు బాగా ఉంది. పైగా రెండూళ్ళ టోపీలూ ఒకటే.”

“సాకులు చెప్పకు. ఆచారం నీకు తెలీదా? మాను పొలిమేర దాటేలోపు మనవాడొక్కడు దానిమీద చెయ్యేసి ‘ఇది మాది’ అంటే చాలు, దొంగలు దించేసి పోవాల్సిందే. ఒక్క చెయ్యి!”

“చెయ్యేసినవాడు ఉన్నాడు.”

“మరి మాది అనలేదా?”

“లేదు. ‘పదండి, పదండి’ అన్నాడు.”

“అంటే... మనవాడే మోశాడా?”

“వెనక కొస. పాపం, వాళ్ళకి మనుషులు చాల్లేదు. అక్కడా సగం ఇళ్ళు మ్యూనిక్ వాళ్ళవేగా. శనాదివారాలకి తప్ప జనం ఉండరు.”

“పాపమా! ఎవడా ద్రోహి? పేరు చెప్పు.”

“వద్దులే. పెద్దాయన.”

“పెద్దాయనైతే మరీ సిగ్గుచేటు! ఆదివారం చర్చి ముందు నిలబెట్టి సంఘంలోంచి గెంటేస్తా. మన ఊరి ఫైరింజన్ దళంలోంచి కూడా!”

“దాంట్లోంచి కూడానా?”

“దాంట్లోంచి కూడా! నువ్వెందుకు ఆపలేదు?”

“ఆపబోయాను. ‘నోర్ముయ్, పెద్దవాళ్ళు పనిచేస్తుంటే అడ్డం రాకు’ అన్నాడు.”

“ఎంత పొగరు!”

“మోయడం చేతకాదని వాళ్ళనీ తిట్టాడు. ‘ఆ వంకర నడకేంట్రా, ఉంటర్‌లోహ్ దద్దమ్మల్లాగా’ అని.”

“ఉంటర్‌లోహ్ వాళ్ళనే... ఉంటర్‌లోహ్ వాళ్ళలాగా అనా?”

“అవును మావయ్యా.”

“నిన్న రాత్రి... నేను వాల్బుర్గా హోటల్లో బీరు తాగి వస్తుంటే...”

“అవును.”

“మనవాళ్ళే మానుని ఫైరింజన్ కొట్టంలోకి మారుస్తున్నారనుకుని...”

“అవును.”

“వంతెన దగ్గర ‘ఇక చాలు పెద్దాయనా, ఇంటికెళ్ళి పడుకో’ అన్నారు. ఎంత మర్యాదగా అన్నారురా! అందుకే అనుమానం రాలేదు.”

“పోనీలే.”

“సరే, ఎవరికీ చెప్పకు. గప్‌చుప్‌గా బీరూ మాంసం పంపించేద్దాం. నా పేరు బయటికి రాకూడదు.”

“బీరూ మాంసం వద్దన్నారు మావయ్యా. మానుని వాళ్ళ ఊళ్ళోనే నిలబెట్టుకుంటారట. దగ్గరుండి అరిచి పని చేయించడానికి నీలాంటి మొనగాడు వాళ్ళకి లేడని, పొద్దున్నే నిన్ను వాళ్ళ సంఘానికి అధ్యక్షుణ్ణి చేసేశారు.”