రాత్రి అన్నం అట్లు

"నాయనమ్మా, రాత్రి అన్నం కాస్త మిగిలింది. పారెయ్యనా?"

పారెయ్యనా అంట! ఇటివ్వు ఆ గిన్నె. ఇచ్చి ఇక్కడ కూర్చో. ఏంటీ, ఫోన్లో రికార్డు చేస్తావా? చేసుకో, నాకేం భయం? మీ తాతయ్య లేరుగా వినడానికి. ఆయన ఉన్నప్పుడైతే రాత్రి అన్నం అనే మాట పైకి అనడానికే వణికేదాన్ని.

నాకు పెళ్ళై మైలవరం నుంచి బెజవాడ వచ్చేసరికి ఆయనకి ఆటోనగర్‌లో లారీలకి బాడీలు కట్టే షెడ్డుండేది. ఇల్లు ఆ పక్క వీధిలోనే. వచ్చిన మూడో రోజున... కాదు కాదు, రెండో రోజే, కాళ్ళకి పారాణి ఇంకా పోలేదు, చెప్పేశారు. "ఇదిగో, నేను రాత్రిది పొద్దున ముట్టను. ఏనాడైనా నా కంచంలో చద్ది పడిందా, ఆ రోజే నిన్ను మైలవరం బస్సెక్కిస్తా." సరదాకి కాదే, వేలు చూపించి మరీ అన్నారు. ఆ వేలి నిండా గ్రీజు.

మా అత్తగారిది ఇంకో తీరు. రాత్రి పడుకునే ముందు అన్నం గిన్నె ఖాళీ చెయ్యకూడదు, నాలుగు ముద్దలన్నా మిగల్చాలి, లేకపోతే లక్ష్మీదేవి అలుగుతుంది. తెల్లారి పారేస్తే పాపం. మరి ఆ అన్నం ఎక్కడికి పోవాలి, నువ్వే చెప్పు? పైగా షెడ్డులో పనివాళ్ళు ఒకరోజు ఆరుగురు భోజనానికొచ్చేవాళ్ళు, ఒకరోజు ఒక్కడూ రాడు. అన్నంతో పాటు పప్పూ, కూరా మిగిలిపోయేవి. అన్నీ నేనొక్కదాన్నే తినాలంటే ఎంతని తింటాను?

ఇంకేం చేస్తాను, దొంగతనం మొదలుపెట్టా. రాత్రి అన్నంలో ఇంత పుల్లమజ్జిగ పోసి రోట్లో వేసి మెత్తగా రుబ్బి, గుప్పెడు బియ్యప్పిండి, ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, జీలకర్ర, ఆ పైన మునగాకు. పక్కింటి మునగచెట్టు మా గోడ మీదికి వాలి ఉండేదిలే. ఆకు దండిగా వేసేదాన్ని, ఆకు కనబడితే అన్నం కనబడదుగా! పెనం మీద ఒక్క చెంచా నూనె చాలు. పైన ఎర్రగా, లోపల దూదిలా వచ్చేవి అట్లు. మిగిలిన వంకాయ కూరకి కాస్త చింతపండు పెట్టి నూరితే పచ్చడి. పప్పు మిగిలితే నీళ్ళు పోసి సొరకాయ ముక్కలేసి పప్పుచారు. "మా ఆవిడ రోజుకో రకం చేస్తుంది" అని షెడ్డంతా చాటింపు మీ తాతయ్య. పొయ్యి దగ్గర నాకు నవ్వూ ఆగేది కాదు, గుండెల్లో దడా ఆగేది కాదు. మా పెద్దాడపడుచు ఒకసారి ఏం చేసిందో తెలుసా... సర్లే, ఆవిడ సంగతి ఎత్తితే ఇవాళ్టికి తేలదు.

ఓ రోజు పొద్దున్నే చేపల లారీలాయన వచ్చాడు, కైకలూరు వైపు ఆయన, కొత్త లారీకి బాడీ కట్టించుకుందామని. "టిఫిన్ చేద్దురు రండి" అని మీ తాతయ్య ఇంటికి లాక్కొచ్చారు. ఆయన అట్లు ఎన్ని తిన్నాడనుకున్నావ్? ఎనిమిది! "మా ఆవిడకి నేర్పాలమ్మా" అని వెళ్ళి, వారం తిరక్కుండా ఆవిణ్ణి వెంటేసుకొచ్చాడు. ఆవిడ నోటుపుస్తకం, పెన్నూ కూడా తెచ్చుకుంది, నా ఖర్మ కాకపోతే!

మగాళ్ళిద్దరూ వంటింటి గుమ్మం దగ్గర కుర్చీలేసుకున్నారు. మీ తాతయ్య కాలు మీద కాలు. నేనేం చెప్పను? "ఏముందండీ, బియ్యప్పిండి, మజ్జిగ, మునగాకు, అంతే" అన్నాను. ఒకటి పోసి చూపించమంది. పోశాను. పెనాన్ని వదిలితేనా! రెండోది చెప్పు అడుగులా వచ్చింది. లారీలాయన పళ్ళతో పీకి, "ఆ రోజులా లేదేంటమ్మా?" అన్నాడు. ఆవిడ పుస్తకం మూసేసి, "చెప్పడం ఇష్టం లేకపోతే పోనీలెండి వదినగారూ" అంది. మీ తాతయ్య మొహం మాడిపోయింది. "ఏమే, నలుగురిలో నా పరువు తీస్తావా?" అని పళ్ళు నూరారు.

రోషం వచ్చేసిందే నాకు! అట్టు వెయ్యడం రాదనిపించుకుంటానా? బస్సెక్కితే ఎక్కాను అనుకుని, అలమరలో మూత పెట్టిన రాత్రి అన్నం గిన్నె తీసుకొచ్చి అందరి ముందూ రోట్లో బోర్లించేశా. "ఇదండీ అసలు దినుసు, రాసుకోండి" అన్నాను. రాసుకుంది కూడాను. అట్లు బ్రహ్మాండంగా వచ్చాయి, కడుపునిండా తిని వెళ్ళారు. మీ తాతయ్య మాత్రం ముట్టలేదు.

వాళ్ళని సాగనంపి, తలుపేసి వచ్చి, "ఎన్నాళ్ళ నుంచి?" అన్నారు.

"పెళ్ళైన నాలుగో రోజు నుంచండీ."

"పెట్టె సర్దుకో."

ఇప్పుడు నవ్వుతున్నా గానీ, అప్పుడు నిజంగా ఏడ్చానే. ఏడుస్తూ చీరలు మడతపెడుతున్నా. మంచం మీద వత్తులు చేసుకుంటున్న మా అత్తగారు తల ఎత్తకుండా, "నా చీరలు కూడా పెట్టమ్మాయ్" అన్నారు.

"నువ్వెక్కడికే అమ్మా?" అన్నారు ఈయన.

"మరి చిన్నప్పట్నుంచీ నీకు పెట్టిన పునుకులు దేంతో చేశాననుకున్నావురా? గిన్నెలో అన్నం రోజూ లక్ష్మీదేవి వచ్చి తినిపోయిందనుకున్నావా?"

ఇంక చూడు! ఆయన చెప్పులేసుకుని షెడ్డుకి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం భోజనానికి రాలేదు. నేను బిక్కుబిక్కుమంటూ సాయంత్రానికి అన్నీ కొత్తగా వండా. కొత్త పప్పు, కొత్త కూర, అప్పుడే వార్చిన అన్నం. వచ్చారు, కాళ్ళు కడుక్కుని కూర్చున్నారు. రెండు ముద్దలు తిని కంచం కాస్త వెనక్కి జరిపారు.

"ఇవన్నీ ఇవాళ చేసినవేనా?"

"ఒట్టండీ, అన్నీ ఇవాళ్టివే."

"అందుకే ఇలా చప్పగా ఏడ్చాయి" అని, నా మొహం చూడకుండా, గొంతు బాగా తగ్గించి, "పొద్దున్న వాళ్ళు తినగా మిగిలిన అట్లు... ఒకటన్నా ఉందా?" అన్నారు.

మూడున్నాయి. చల్లారి అట్టముక్కల్లా అయిపోయాయి. మూడూ తిన్నారు.

నీకు దొరికే మొగుడు అడిగేదేదో పొద్దున్నే అడిగేవాడై ఉండాలి తల్లీ, సాయంత్రం దాకా ఏడిపించకుండా. చల్లగా ఉండు.