ఊరి బీడుకు చెంగయ్య కంప

పుంగనూరు దగ్గరి పల్లె, 1998. ఊరుమ్మడి మేతబీడు చుట్టూ పొద్దున్నే ముళ్లకంప కొట్టి వచ్చిన చెంగయ్య, అరుగు మీద కూర్చుని అరచేతిలో ముళ్లు తీసుకుంటున్నాడు. మదనపల్లె కాలేజీలో బి.ఏ. చదివే కూతురు ప్రీతి పరీక్షకు పుస్తకం తిరగేస్తోంది.

“మళ్లా సదువు పాపా. ఆ ఫ్రాన్సాయన ఏమన్నాడూ?”

“మొట్టమొదట ఎవుడో ఒకడు నేలకు కంచె వేసి ‘ఇది నాది’ అన్నాడంట. పక్కనోళ్లు అమాయకంగా నమ్మేసినారంట. సమాజానికి పునాది వేసినోడు వాడేనంట నాయనా.”

“సూసినావా! ‘నాది’ అనేదే అన్నిటికీ నాంది. అచ్చం నా మాదిరే ఆలోచన చేసినాడే!”

“ఆయన మెచ్చుకోలేదు నాయనా, తిట్టినాడు.”

“తిట్టేది తిట్టినా పునాది అన్నాడు కదా! సాలు.”

“ఊరోళ్లను అడిగినావా?”

“అడగతా కూసుంటే కంప ఎప్పుడు కొట్టేది? కంప ఉంటేనే కొంప.”

“ఊరోళ్ల కొంపో?”

“పరిచ్చకు సదువుకో మ్మే. నన్ను పరిచ్చ సెయ్యొద్దు.”

“చెంగయ్యా! ఇంట్లో ఉండావా?”

“రా నాగమ్మక్కా. మజ్జిగ తాగుదువు రా.”

“మజ్జిగ తర్వాత. ఆ బీడు ఎవురిదప్పా?”

“యాల అడగతాండావు?”

“గట్టిగా తెలియాల. ఊరిదా, నీదా?”

“కంప కనబడలా?”

“కనబడింది. అయినా నీ నోటితో సెప్పాలంట. ఊరి పెద్ద రంగప్ప అడిగి రమ్మన్నాడు.”

“నాదంటే నాదే! నేను పిలవకుండా కంప దాటినోడి కాలు ఇరగ్గొడతా. పో, అందరికీ సెప్పు.”

“నాయనా, కొంచిం మెల్లిగా...”

“నువ్వు ఊరుకో పాపా. ఏమక్కా, నమ్మినారా లేదా?”

“నమ్మకేం? ఇరవైమంది మోకులు పట్టుకోని కంప బయటే నిలబడుకోనుండారు. ఒక్కడూ కాలు లోపల పెట్టలా.”

“నా మాటంటే అంత మర్యాద! ...మోకులా? మోకులు దేనికి?”

“ఆడ పాడుబావిలో ఆవు పడుండాది. ఊరి నేలైతే ఊరంతా దిగి లాగాల, అది మన కట్టుబాటు. సొంత నేలైతే సొంతగాడు పిలస్తేనే గదా దిగేది.”

“అయ్యో పాపం. ఎవురి ఆవు?”

“పొద్దున కంప కొట్టి లోపలికి మేతకు తోలినావే, నీ సూడి ఆవు. మెడదాకా బురద. ఇంకా అరస్తానే ఉండాది.”

“అక్కా, పరిగెత్తు! ఆ బీడు నాదని ఎవుడన్నాడు? ఊరిది! కంప పీకి పారేసి అందర్నీ దిగమను!”